పదేళ్ల కిందటే చెప్పారు

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో కరెంటు పోయి, నీళ్లు పోయి, చలికి మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటే ఆ నెలలో కుర్చీ వదిలింది ముఖ్యంగా ఎర్కాట్ బోర్డు సభ్యులు ఐదుగురు. ఎర్కాట్ అంటే ఆ రాష్ట్ర విద్యుత్ గ్రిడ్‌ను నడిపే సంస్థ. ఫిబ్రవరి 24న రాజీనామా చేసిన ఆ ఐదుగురూ టెక్సస్ బయట ఉండేవాళ్లు. అందుకే వాళ్లను సాగనంపడం తేలికైంది. ఆ మర్నాడు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో చట్టసభ కమిటీల విచారణ మొదలైంది. అంత చలి ఎవరూ ఊహించలేదన్న మాట మాత్రం అప్పటికీ వినిపిస్తూనే ఉండింది.

ఆ మాట నిజం కాదు. 1989 డిసెంబరులో హ్యూస్టన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 14 డిగ్రీలకు పడిపోయింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ నమోదైంది మైనస్ 10 దరిదాపుల్లోనే. ఈసారి చలి రాష్ట్రమంతా కమ్మేసింది, ఎక్కువ రోజులు ఉంది, కాదనం. కానీ 1989లోనూ యంత్రాలు గడ్డకట్టాయి, కోతలు పెట్టారు. విద్యుత్ కేంద్రాలు చలిని తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవాలని ఆ తర్వాత విద్యుత్‌ను నియంత్రించే రాష్ట్ర కమిషనే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2011 ఫిబ్రవరిలో మళ్లీ అదే జరిగింది. అప్పుడు 4,000 మెగావాట్ల మేర కోత పెట్టాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, గ్రిడ్‌ల భద్రతను చూసే నెర్క్ కలిసి నివేదిక ఇచ్చాయి. ఏ పైపులు గడ్డకడుతున్నాయి, ఏ పరికరాలకు వేడి తగిలే ఏర్పాటు లేదు, గ్యాస్ బావుల దగ్గర ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. టెక్సస్ చట్టసభ చేసిందేమిటి? సంసిద్ధత గురించి నివేదికలు తెప్పించుకునే చట్టం. ఏర్పాట్లు చేసి తీరాలని మాత్రం అనలేదు.

అంటే 2021కి పదేళ్ల ముందే చెప్పారు. ముప్పై ఏళ్ల ముందూ చెప్పారు.

2021 ఫిబ్రవరి 15, తెల్లవారుజామున 1.20 గంటల ప్రాంతంలో కోతలు మొదలయ్యాయి. ఒక ప్రాంతం తర్వాత మరో ప్రాంతానికి కాసేపు చొప్పున తీస్తామన్నారు. కోత 20,000 మెగావాట్లకు చేరడంతో మార్చి మార్చి తీయడానికి వీలే లేకపోయింది. ఆస్పత్రులున్న లైన్లను వదిలేయాలి కాబట్టి మిగతా ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. హ్యూస్టన్ నడిబొడ్డున ఖాళీ ఆఫీసు భవనాలు దీపాలతో వెలుగుతుంటే, పక్క పేటల్లో పిల్లలను దుప్పట్లలో చుట్టి కూర్చున్నారు. కరెంటు పోయిన ఇళ్లు, దుకాణాలు 45 లక్షలకు పైనే.

గల్ఫ్ తీరంలో ఇళ్లు ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. నీళ్ల పైపులు అటకల మీద, బయటి గోడల్లో పోతాయి. అవి పగిలి సీలింగులు కూలాయి. కోటి ఇరవై లక్షల మందికి పైగా నీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది, కాచుకోవడానికి కరెంటు లేని వేళ. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు స్టార్ట్ చేసినవాళ్లు, ఇంట్లోకి బొగ్గుల పొయ్యి తెచ్చుకున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు తిరిగి రాలేదు. సౌత్ పాద్రే దీవిలో చలికి కదల్లేకపోయిన వేలాది సముద్ర తాబేళ్లను వలంటీర్లు మోసుకొచ్చి కన్వెన్షన్ సెంటర్లో కాపాడారు. ఆ మామూలు జనానికి ఉన్న కంగారు, పాలకుల్లో ఒక్కసారైనా కనబడి ఉంటే బాగుండేది. హ్యూస్టన్, డాలస్‌లలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఆ వారమంతా ఇక్కడి తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ మాకు తెలుసు.

గవర్నర్ గ్రెగ్ అబాట్ మొదట టీవీలో గాలిమరలను, సౌర విద్యుత్తును నిందించారు. అప్పుడు అందుబాటులో లేకుండా పోయిన 46,000 మెగావాట్లలో 28,000 గ్యాస్, బొగ్గు, అణు కేంద్రాలవేనని ఎర్కాట్ లెక్కలే చెబుతున్నాయి. ఇంకా ఘోరమేమిటంటే, గ్యాస్ బావులకు, కంప్రెసర్లకు కరెంటు తీసేశారు. గ్యాస్ రాక విద్యుత్ కేంద్రాలు ఆగాయి. ఆ కేంద్రాలు ఆగి మరింత కోత పెట్టాల్సి వచ్చింది. ఏ లైన్ తీస్తే గ్యాస్ ఆగుతుందో ముందే రాసిపెట్టుకోవడానికి పెద్ద ఖర్చేం కావాలి?

ఇలాంటి చలి ఎప్పుడో గానీ రాదు, దానికోసం ఖర్చు పెడితే ఆ భారం బిల్లుల్లో జనం మీదే పడుతుందని కంపెనీలు అంటాయి. మరి ఆ వారం యూనిట్ ధర 9 డాలర్లకు చేరితే, వేల డాలర్ల బిల్లులు వచ్చింది ఎవరికి?

ఎల్ పాసోను చూడండి. అదీ టెక్సస్‌లోనే ఉంది. 2011లో అదీ దెబ్బతింది. తర్వాత అక్కడి విద్యుత్ సంస్థ మైనస్ 23 డిగ్రీల్లోనూ నడిచేలా కొత్త కేంద్రం కట్టుకుంది, గ్యాస్ ఆగితే వాడేందుకు మరో ఇంధనం సిద్ధం చేసుకుంది. అది ఎర్కాట్‌లో లేదు, పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌తో కలిసి ఉంది. ఆ వెసులుబాటూ ఉపయోగపడింది. 2021లో అక్కడ కోతలు నామమాత్రం. అదే రాష్ట్రం, అదే చలి, పదేళ్ల కిందటి అదే హెచ్చరిక. విన్నవాళ్లకూ విననివాళ్లకూ మధ్య తేడా ఇది.

మిగతా టెక్సస్‌లో చాలా భాగం పొరుగు గ్రిడ్‌లతో పెద్దగా కలవకుండా ఒంటరిగా ఉండటానికి కారణం ఫెడరల్ నియంత్రణ వద్దనుకోవడమే. ఆ నియంత్రణ రాకుండా ఉండటానికి మూడు రోజులకు మించి చీకట్లో ఉండటానికైనా టెక్సస్ ప్రజలు సిద్ధమేనని మాజీ గవర్నర్ రిక్ పెర్రీ అన్నారు. ఆయన 2017లో దేశ ఇంధన మంత్రిగా చేరిన మనిషి. ఆ చలిలో ఉన్నవాళ్లను ఆయన అడిగే అన్నారా? సెనేటర్ టెడ్ క్రూజ్ అయితే ఆ రోజుల్లోనే కుటుంబంతో మెక్సికోలోని విహార కేంద్రం కాంకూన్‌కు విమానం ఎక్కారు. ఫెడరల్ విపత్తు సాయం కోసం మాత్రం రాష్ట్రం చెయ్యి చాచింది. సాయం అడగడం తప్పు కాదు. సాయం కావాలి, నిబంధనలు వద్దు అనడం తప్పు.

ఫిబ్రవరి 24న బయటపడిన సంగతి ఇంకా భయపెట్టేది. కోతలు మొదలైన ఆ రాత్రి, కరెంటు చాలక కుంగిన గ్రిడ్ మరో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉండి ఉంటే మొత్తం కుప్పకూలేది. మళ్లీ నిలబెట్టడానికి వారాలు, బహుశా నెలలు పట్టేది.

చలిని తట్టుకునే ఏర్పాట్లు తప్పనిసరి చేయాలని ఆ ఫిబ్రవరిలో గవర్నర్ అన్నారు. మంచిదే. అయితే గడువు, తనిఖీ, గట్టి జరిమానా లేని చట్టం 2011 నాటి చట్టానికి నకలే అవుతుంది. గ్యాస్ బావులను వదిలేసే చట్టం సగం చట్టమే. టెక్సస్ చట్టసభ సమావేశాలు రెండేళ్లకోసారే జరుగుతాయి. 2021 సమావేశాలు మే 31తో ముగియాల్సి ఉంది. ఆలోగా చేయకపోతే, ప్రత్యేకంగా పిలిస్తే తప్ప, 2023 దాకా ఆగాల్సిన పరిస్థితి. ఆలోపు రెండు చలికాలాలు. అప్పుడు చట్టసభకు చెప్పాల్సింది ఒక్కటే: కొత్త కమిటీ వేయకండి, కొత్త నివేదిక అడగకండి. 2011 నివేదిక మీ బల్లల మీదే ఉంది, తెరిచి చదవండి.