యూటీఎఫ్-8 టికెట్‌ని ఎవరు మూశారు?

జిరాని (పనుల టికెట్లు రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) జెన్కిన్స్‌కి (కోడ్‌ని సర్వర్ల మీదకి పంపే సాఫ్ట్‌వేర్) కలపడం పెద్ద పనేం కాదు. ఈ పని చేసే ప్రోగ్రాముకి, అంటే బాట్‌కి, ఓ అకౌంటు, దాని మెయిల్ ఐడీతో ఒక ఏపీఐ టోకెన్ (పాస్‌వర్డ్ ఇస్తే క్లౌడ్ జిరా గడప తొక్కనివ్వదు), పైప్‌లైన్ చివర ఒక స్టెప్పు. డిప్లాయ్ అయిన కమిట్ (కోడ్ మార్పు) మెసేజీల్లో టికెట్ నంబర్లు వెతకాలి, ఒక్కోదాని కింద ‘ప్రొడక్షన్‌కి వెళ్లింది’ (జనం వాడే అసలు సిస్టంలోకి చేరింది) అని రాయాలి, ‘డన్’లోకి జరపాలి. మేనేజరుగారికి సాయంత్రానికల్లా డాష్‌బోర్డు కావాలన్నారు కాబట్టి టెస్టింగ్ మాట ఎవరూ ఎత్తలేదు.

టికెట్ నంబరంటే బాట్‌కి తెలిసిందల్లా కొన్ని ఇంగ్లిష్ అక్షరాలు (ప్రాజెక్టు కీ), ఒక గీత, ఒక సంఖ్య. ఆ లెక్కన పీఏవై-412 టికెట్టే, షా-256 (ఒక హ్యాషింగ్ పద్ధతి) టికెట్టే, యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) కూడా టికెట్టే. మామూలుగా దీనివల్ల నష్టం లేదు. ఆ కీతో ప్రాజెక్టే ఉండదు, జిరా 404 (అలాంటిదేం లేదు) అంటుంది, బాట్ తన దారిన తాను పోతుంది.

కానీ ఈ ఆఫీసులో ట్రైనింగ్ విభాగానికి ‘యూజర్ ట్రైనింగ్ ఫీడ్‌బ్యాక్’ అని ఒక ప్రాజెక్టుంది. పేరులోని మొదటి అక్షరాలు ఏరి జిరాయే కీ సూచిస్తుంది. యూటీఎఫ్ అంది. ఎవరో మహానుభావుడు సరే అని నొక్కాడు. అందులో 8వ టికెట్: రెండో అంతస్తు ట్రైనింగ్ రూములో ప్రొజెక్టర్ రిమోట్‌కి బ్యాటరీలు లేవు.

ఇటు బిల్లింగ్‌లో వేరే గోల. వెంకటేశ్వర్లుగారి పేరు బిల్లు మీద ప్రశ్నార్థకాలై పడుతోంది, సరిగ్గా పదమూడు. చదివేవాళ్లకి అవి ఐదక్షరాలు. కంప్యూటర్‌కి మాత్రం గుణింతం, సున్నా, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా 13 కోడ్లు. తెలుగుకి చోటులేని పాత పద్ధతి లాటిన్-1 ఫైల్లోకి తోస్తే కోడ్‌కో ప్రశ్నార్థకం. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్ల చొప్పున 39 బైట్లు తీసుకుని నిక్షేపంగా కూర్చుంటాయి. కుర్రాడు అదే చేసి, కమిట్ మెసేజీలో బుద్ధిగా రాశాడు: ‘బిల్లు ఫైలు యూటీఎఫ్-8లోకి మార్పు’.

బిల్డ్ పచ్చగా వచ్చింది. రిమోట్ టికెట్ కింద బాట్ ‘ప్రొడక్షన్‌కి వెళ్లింది’ అని రాసి మూసేసింది.

ట్రైనింగ్ మేడమ్ తెరిచి అడిగారు: ‘బ్యాటరీలు ఎక్కడ పెట్టారండీ?’

మేనేజరుగారు కంగారుపడి ఆ కమిట్‌ని వెనక్కి తీయించారు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో రివర్ట్ కొడితే పాత మెసేజీని కొటేషన్లలో పెట్టి మళ్లీ అదే రాస్తుంది. బాట్ కొటేషన్లు చూడదు. రిమోట్ రెండోసారి ప్రొడక్షన్‌కి వెళ్లింది.

‘ఏ ప్రొడక్షనండీ? రూము రెండో అంతస్తులో కదా!’

ఈలోగా వెంకటేశ్వర్లుగారు మళ్లీ పదమూడు ప్రశ్నార్థకాలయ్యారు. రివర్ట్‌ని రివర్ట్ చేశారు. మళ్లీ కొటేషన్లు, లోపల చెక్కుచెదరని యూటీఎఫ్-8. రిమోట్ మూడోసారి వెళ్లింది. ప్రతిసారీ మెయిలు, టికెట్‌ని వాచ్ చేస్తున్న ట్రైనింగ్ బ్యాచ్ మొత్తానికీ.

ప్రాజెక్టు కీ మార్చేద్దామని ఒక పెద్దమనిషి సలహా. మార్చినా పాత లింకులు చెడకూడదని జిరా పాత కీని గుర్తుపెట్టుకుంటుంది, యూటీఎఫ్-8 అంటే అదే టికెట్ తెరుచుకుంటుంది. అసలు మందు రెండు చోట్ల వేయాలి. జెన్కిన్స్‌లోని జిరా ప్లగిన్‌లో ఇష్యూ ప్యాటర్న్‌ని (టికెట్ నంబర్లని గుర్తుపట్టే నమూనా) మన ప్రాజెక్టుల కీలకే పరిమితం చేయాలి. బాట్‌కి ఆ ప్రాజెక్టుల్లోనే చూడటానికి, కామెంట్ రాయడానికి, స్టేటస్ జరపడానికి అనుమతివ్వాలి, అంతకుమించి వద్దు. ఇక్కడ బాట్ ఏకంగా అడ్మిన్ గ్రూపులో ఉంది. కారణం అడిగితే ‘403లు (అనుమతి లేదనే ఎర్రర్లు) రాకుండా’ అన్నారు. రాలేదు మరి.

బిల్లింగ్ వాళ్లు ప్యాటర్న్ మార్చుకున్నారు. మిగతా టీముల పైప్‌లైన్లలో పాతదే నడుస్తోంది. నిన్న ఆడిట్ వాళ్లు కొత్త ప్రాజెక్టు తెరిచారు, కీ ఐఎస్‌ఓ. తేదీల ఫార్మాట్ ఐఎస్‌ఓ-8601 కాబట్టి ఇంకా 8600 టికెట్ల గడువుంది.