ఊపిరి తీసుకోని గాయని

(టోక్యో నగరం, ఎదోగవా వార్డు, నిషికసాయ్. ఆదివారం ఉదయం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి శ్రీధర్ భోజనాల బల్ల మీద ఇడ్లీ పాత్ర మూత బోర్లించి, రెండు చాప్‌స్టిక్‌లతో వాయిస్తున్నాడు. చిన్నప్పుడు పదేళ్ళపాటు వీణ నేర్చుకొన్న ఆయన భార్య వాసంతి బెండకాయలు తరుగుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.)

వాసంతి: ఏమండీ, ఆ మూతకు ఇప్పటికే ఒక సొట్ట ఉంది. రెండోది పడకముందే ఆ పుల్లలు కింద పెట్టి, కుక్కరు ఐదు విజిల్స్ వేయగానే స్టవ్ కట్టేయండి. నా చేతులు జిగురుగా ఉన్నాయి కాబట్టి లెక్క బాధ్యత మీదే.

శ్రీధర్: డ్రమ్మరుకు లెక్క అప్పగించడం అంటే చేపకు ఈత అప్పగించడమే. డిసెంబరులో మా ఆఫీసు బోనెన్‌కై, అదే సంవత్సరాంతపు విందులో, మా బ్యాండు ఒక వోకలాయిడ్, అంటే కంప్యూటరు గొంతుతో పాడించిన, రాక్ పాట వాయించబోతోంది.

వాసంతి: మీ బ్యాండులో వాద్యం వచ్చినవారు ఎందరు?

శ్రీధర్: గిటారు వాయించే ఆయన మూడు నెలలుగా సాధన చేస్తున్నాడు. బాస్ వాయించే ఆయన నిన్ననే కొన్నాడు, రసీదు ఇంకా సంచిలోనే ఉంది. నా సంగతి నీకు తెలిసిందే.

వాసంతి: మూతకూ తెలిసిందే. ఇంతకీ పాట ఏమిటి?

శ్రీధర్: వొవాకా అనే స్వరకర్త 2010లో చేసిన ‘రోలింగ్ గర్ల్’. వేగం నిమిషానికి దాదాపు 195 బీట్లు.

వాసంతి: అది పాట వేగమా, మీ బీపీయా? ఆ అంకె చూస్తే మీ డాక్టరు మందు మారుస్తాడు.

(కుక్కరు విజిల్ వేసింది. శ్రీధర్ పుల్ల పైకెత్తి ‘ఒకటి’ అన్నాడు.)

శ్రీధర్: నువ్వు దీనికే బెదిరిపోతున్నావు. ‘హత్సునె మికు అదృశ్యం’ అనే పాట 240 బీట్లతో పరుగెడుతుంది. మికు ఒక్క మాట తడబడకుండా ఎంత హాయిగా పాడిందో ఒక్కసారి విను.

వాసంతి: హాయిగా పాడక ఏం చేస్తుందండీ, ఆవిడకు ఊపిరితిత్తులుంటే కదా ఆయాసం రావడానికి! మన అమ్మాయి గది గోడ మీద మూడేళ్ళుగా వేలాడుతున్న ఆ పచ్చనీలి జడల పిల్ల మనిషి కాదనీ, యమహా వారి సాంకేతికతతో సప్పోరోలోని క్రిప్టన్ కంపెనీ 2007 ఆగస్టు 31న విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అనీ, ఫుజిత సాకి అనే నటి గొంతు ముక్కలు అతికి పాడుతుందనీ పటం దుమ్ము దులిపినప్పుడల్లా నాకు పాఠం జరుగుతూనే ఉంది. అసలు తయారుచేసిన వాళ్ళే ఈమెకు 70 నుంచి 150 వరకు వేగం బాగా నప్పుతుందని రాశారట. యంత్రానికే 150 చాలన్నారు, మీకు 195 కావలసి వచ్చిందా? సరే, ఆ కాగితం తీసి మొదటి చరణం మీరే పాడండి.

(శ్రీధర్ గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు. రెండో పంక్తికి మెడ నరాలు తేలాయి. మూడో పంక్తిలో గాలి కోసం నోరు తెరవగా, ఆ సందులో ఐదారు అక్షరాలు దాటిపోయాయి. నాలుగో పంక్తికి మంచినీళ్ళ కోసం సైగ చేశాడు. ఈలోగా కుక్కరు మరో విజిల్ వేసింది. ఆయన మాట రాక రెండు వేళ్ళు చూపించాడు.)

వాసంతి: చూశారా, అపస్వరం సంగతి తరువాత, ముందు ప్రాణం సంగతి! మీరంతా గిటారుకు ఏది సులువో వెదుకుతున్నారు గాని, పాడే మనిషి ఎక్కడ గాలి పీల్చుకోవాలో ఒక్కరూ చూడలేదు.

శ్రీధర్: అయితే 2011లో వచ్చిన ‘సెంబొన్‌జకుర’ తీసుకొందాం. 154 బీట్లే. వగక్కి బ్యాండు దానిని కోతో, షామిసెన్, షకుహాచి అనే జపాను సంప్రదాయ వాద్యాలతో కూడా వాయించింది. నువ్వు వీణ పట్టుకొంటే మనమూ...

వాసంతి: నా వీణ విజయవాడలో అటక మీద ఉంది. పైగా ఆ పాటలో పియానో పరుగులు వినే ఉంటారు. మీకు కీబోర్డు వాయించేవారు లేకపోవడం ఆ పాట చేసుకొన్న పుణ్యం.

శ్రీధర్: అన్నింటికీ వంక పెట్టేదానివి, నువ్వే ఒకటి చెప్పు.

వాసంతి: 2018లో మికితో-పి అనే స్వరకర్త చేసిన ‘రోకి’. 150 బీట్లు. సాధన 75లో మొదలుపెడితే అది మొదటి కాలం, అసలు వేగం రెండో కాలం. సరళీ వరుసలు నేర్పినట్టే నేర్పవచ్చు. గిటారును పవర్ కార్డులకు కుదించుకోవచ్చు. పవర్ కార్డు అంటే ఏమనుకొంటున్నారు, షడ్జమం, పంచమం, అంతే. గాంధారమే ఉండదు కాబట్టి మీ స్నేహితుడు తప్పు గాంధారం మీటే ప్రమాదం లేదు. పాపం, ఆయన తంబురా పట్టుకొన్నట్టే. శ్రుతి ఎక్కువైతే అదే పట్టును రెండు మెట్లు కిందికి జరిపితే సరిపోతుంది. పైగా జపనీస్‌లో మాటలు మన తెలుగులాగే చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, నోరు తిరుగుతుంది.

(కుక్కరు విజిల్. ‘మూడు’ అన్నాడు శ్రీధర్.)

శ్రీధర్: మరి ఊపిరి మాట?

వాసంతి: అందుకే ఆ పాట. అది పాట చేసినవాడే కగమినె రిన్ అనే యంత్ర గాయనితో కలిసి పాడిన యుగళగీతం. ఒకరు పాడుతున్నప్పుడు ఇంకొకరు గాలి పీల్చుకోవచ్చు.

శ్రీధర్: అంటే నాకూ వంతు వస్తుందన్నమాట! పందొమ్మిదేళ్ళ కాపురంలో నేను నోరు తెరిచే సందు ఉన్న సంభాషణ ఇదే మొదటిది. రిన్ భాగం నువ్వు పాడతావా?

వాసంతి: ఇంట్లో ఊపిరి తీసుకోకుండా మాట్లాడతానని మీరే అంటారుగా, యంత్రం పాత్రకు నేనే తగినదాన్ని. కాని నా షరతు ఒకటుంది. తాళం పరుగెత్తకూడదు. ఏదీ, 75లో ఎనిమిది దెబ్బలు వేయండి.

(శ్రీధర్ మూత మీద మొదలుపెట్టాడు. మొదటి ఆవృతం బుద్ధిగా నడిచింది. రెండో ఆవృతానికి మూత ఎగరసాగింది.)

వాసంతి: ఆగండి! అది 75 కాదు, రైలు అందుకొనే నడక. మళ్ళీ మొదటి నుంచి.

(ఇలా ఆరుసార్లు మొదటి నుంచి జరిగింది. ఆరోసారి మధ్యలో వాసంతి ముక్కు ఎగబీల్చింది.)

వాసంతి: ఏమండీ, పప్పు మాడు వాసన వస్తోంది! ఐదో విజిల్ ఎప్పుడు వచ్చింది?

శ్రీధర్: ఐదోది ఇంకా రానే లేదు. నేను ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెడుతూనే ఉన్నాను.

వాసంతి: ఎలా లెక్కపెట్టారు?

శ్రీధర్: ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి, రెండు...