ఈ సైలెన్సర్ల మోత ఇంకెన్నాళ్లు భరించాలి?

కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ పీకేసి, వీధంతా అదిరేలా మోగే గొట్టం కారుకు బిగించుకోవడం సరదా కాదు, నేరం. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారి దొరికితేనే 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్సూ పోతుంది. ఇది తెలిసి కూడా ఎవడికీ లెక్కలేదు!

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 దాటాక శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000లోనే నిబంధనలు వచ్చాయి. మా వీధిలో అర్ధరాత్రి ఆ కారు పోతుంటే కిటికీ అద్దాలు గజగజలాడుతున్నాయి. బైపాస్ చేయించుకున్న పక్కింటి పెద్దాయన ఉలిక్కిపడి లేచి, మళ్లీ తెల్లారేదాకా నిద్రపోడు. అడిగితే "రోడ్డు మీ సొంతమా అంకుల్?" అని ఎదురు తిరుగుతారు. కన్నవాళ్లకైనా ఈ మోత వినపడదా?

పోలీసులు అప్పుడప్పుడూ ఈ సైలెన్సర్లు ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. మంచి పనే. కానీ వాటిని అమ్మి, బిగించి పంపే షాపులు పట్టపగలే బోర్డు పెట్టుకుని నడుస్తున్నాయి. ఒకటి నలిగితే వారం తిరక్కుండా ఇంకోటి కొంటున్నారు. ముందు ఆ షాపులకు తాళాలు వేయండి సార్.