చప్పుడు చేయని కారుకు పరువుంటుందా?

కర్నూలులో ఇప్పుడు తేలాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి హైకోర్టు ఇక్కడికి వస్తుందా రాదా అన్నది. రెండోది మా బావ కారు. మొదటిది 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పటి నుంచి నలుగుతూనే ఉంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగినా కొంపేమీ మునగదు. రెండోది అలా కాదు. మాఘమాసంలో ఇంట్లో పెళ్లి ఉంది. ఆలోపు బావ లగ్జరీ ఎలక్ట్రిక్ సెడాన్ కొనాలా వద్దా అన్నది తేలిపోవాలి.

బావకు ఓర్వకల్లు రోడ్డులో ప్లాట్లున్నాయి. ప్లాట్లున్న మనిషికి పర్యావరణం మీద ప్రేమ పుట్టడం సహజం. చెట్లన్నీ కొట్టించి చదును చేయించినవాడికి తెలిసినంతగా చెట్టు విలువ ఇంకెవరికి తెలుస్తుంది?

ధర సంగతి ముందే తేల్చేద్దాం, అది చిన్న విషయం. 2022లో బెంజివాళ్ల ఎలక్ట్రిక్ సెడాన్ ఈక్యూఎస్ 580 మన దేశంలో విడుదలైనప్పుడు షోరూం ధర కోటీ యాభై ఐదు లక్షలు. అంత డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఈ జిల్లా తెలియదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడు దొరికిందనడు, కొన్నవాడు కొన్నాననడు. మా జిల్లాలో కోటీశ్వరుణ్ణి లెక్క అడగకూడదన్న మర్యాద అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. పైగా ప్రభుత్వం కూడా దయ చూపిస్తోంది. ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబరు దాకా బిస్కెట్ల మీద 18 శాతం ఉండేది, ఇప్పుడు దాన్నీ 5కి దించారు. పిల్లాడు టీలో ముంచుకునే బిస్కెట్టూ, బావ కోటిన్నర కారూ ఒకే పంక్తిలో కూర్చున్నాయన్నమాట. సమసమాజం రాదు రాదని ఇన్నాళ్లూ ఊరికే దిగులుపడ్డాం.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఒకసారి చార్జింగు పెడితే ఎంత దూరం పోతుంది? ఈక్యూఎస్‌కు బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ పరీక్షలో తేలిన లెక్క 857 కిలోమీటర్లు. హైదరాబాదు ఇక్కడికి దాదాపు 210. కాగితం మీద రెండుసార్లు పోయి రావచ్చు. ఆ పరీక్ష పెట్టినవాళ్లను మే నెలలో ఏసీ ఫుల్లు పెట్టుకుని బళ్లారి చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో నిలబెడితే ఏమంటారో వేరే సంగతి. అయినా బావ పోయేదెక్కడికి? వెంకటరమణ కాలనీలో బయల్దేరి రిజిస్ట్రేషన్ ఆఫీసు, అక్కడి నుంచి రాజ్‌విహార్, సాయంత్రం ఏదో ఒక కల్యాణ మండపం. ఈ లెక్కన ఒక చార్జింగు నెల దాటి వస్తుంది. రేంజి గురించి టెన్షన్ పడేవాళ్లు ఎక్కడికో వెళ్లాల్సిన పని ఉన్నవాళ్లు. అటువంటివాళ్లు మామూలుగా బస్సెక్కుతారు.

చార్జింగు మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. ఆ కారు బ్యాటరీలో దాదాపు 108 యూనిట్లు పడతాయి. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు మూడు యూనిట్లకు మించి పెద్దగా ఇవ్వలేదు. శనివారం రాత్రి తొమ్మిదికి పెడితే సోమవారం పొద్దున తొమ్మిదికి నిండుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే. త్రీఫేజ్ వేయించి పెద్ద చార్జరు బిగించుకోవచ్చనుకోండి. 1953లో గుడారాలేసి రాష్ట్ర రాజధానిని నడిపిన ఊరికి గోడకొక చార్జరు బిగించడం ఓ పనా? నన్ను బాధపెట్టేది వేరే. పక్కనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుంది. ఎండ మనది, నేల మనది, చెమట కూడా మనదే. కరెంటు మాత్రం గ్రిడ్డులోకి ఎక్కి ఊరంతా తిరిగి, 400 యూనిట్లు దాటిన ఇంటికి యూనిట్టు 9 రూపాయల 75 పైసల చొప్పున దిగుతుంది. ఆపైన ట్రూఅప్. ఈ రోజు కాల్చిన కరెంటుకు ఇంకా ఎంత బాకీ ఉన్నామో కొన్నేళ్ల తర్వాత చెబుతారు. బావ విసుగెత్తి కారు అమ్మేశాక కూడా అది తాగిన కరెంటు తాలూకు సర్దుబాటు బిల్లులో వస్తూనే ఉంటుంది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఎక్కడుందో మొన్న డెమో కారు వచ్చినప్పుడు గానీ తెలియలేదు. (కంపెనీ పేరెందుకు, వదిలేయండి.) అది హైదరాబాదు నుంచి సొంత చక్రాల మీద రాలేదు, లారీ మీద వచ్చింది. చార్జింగు ఆదా అట. లారీ మాత్రం డీజిల్‌దే. దాని మోతకు వీధిలోవాళ్లంతా గేట్ల దగ్గరికొచ్చి లారీని తృప్తిగా చూసి లోపలికెళ్లిపోయారు. కారు దిగడం ఎవరూ చూడలేదు.

మా పెద్దమామ ఎక్కబోయాడు. తలుపుకు పిడి లేదు. ఉంది గానీ తలుపులోనే అణిగి ఉంటుంది, తాళం ఉన్న మనిషి దగ్గరికొస్తేనే బయటికొస్తుంది. ఆయన ఎద్దును కొనేవాడిలా దాని పక్కలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమాడు. ఇంతలో మేనత్త వచ్చింది.

"ఏమప్పా, స్టార్ట్ చెయ్యి, చూద్దాం" అంది.

"ఆన్‌లోనే ఉందమ్మా" అన్నాడు సేల్స్ అబ్బాయి.

మేనత్త బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు చూసింది. "దీంట్లో ప్రాణముందా బిడ్డా?" అని అడిగింది. ఆ అబ్బాయి లోపల ఉన్న 56 అంగుళాల తెర గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

మా వైపు బండి కంటికి కనబడకముందే చెవికి తెలియాలి. వీధి మొదట్లో హారను, గేటు దగ్గర ఇంజను, ఆ తర్వాత నాలుగు తలుపులూ ఒకేసారి ధన్‌మని పడాలి. అప్పుడు మండపంలో కూర్చున్నవాళ్లు "ఎవరో వచ్చినట్లుందే" అని మెడలు తిప్పుతారు. స్కార్పియో మీద సీమవాళ్లకున్న ప్రేమ మైలేజీ చూసి పుట్టింది కాదు. కోటిన్నర పెట్టి గమ్మున వచ్చి, గమ్మున దిగి, గమ్మున భోజనాల బంతిలో కూర్చుంటే ఆటోలో వచ్చినవాడికీ బావకూ తేడా ఎక్కడ? యూరప్‌లో ఎలక్ట్రిక్ కార్లు గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఏదో ఒక చప్పుడు చేస్తూ పోవాలని చట్టమే పెట్టారు. అది చూపు లేనివాళ్లు తప్పుకోవడం కోసం. మనకు చూపున్న బంధువుల కోసం కావాలి.

స్పీడ్‌బ్రేకర్ల సంగతి చెప్పనే లేదు. ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటుతో ఎవరిష్టమొచ్చినంత ఎత్తు వాళ్లు వేసుకున్న కాలనీ మాది. రెండున్నర టన్నుల కారు వాటిని ఎక్కగలదు. దిగడం దాని అదృష్టం.

ఇంటిల్లిపాదీ కూర్చుని అర్ధరాత్రి దాకా చర్చించి చివరికి ఒక దారి కనిపెట్టాం. కారు కొనాల్సిందే. దాని వెనకాల ఒక పాత డీజిల్ స్కార్పియో రావాలి, అందులో ఒక జనరేటరు, రెండు క్యాన్ల డీజిలు, నలుగురు మనుషులు. చార్జింగు అయిపోతే జనరేటరుంది. స్పీడ్‌బ్రేకరు మీద ఇరుక్కుంటే ఎత్తడానికి మనుషులున్నారు. మోతకు మోత, దుమ్ముకు దుమ్ము, పైగా కాన్వాయ్ అన్న పేరు. పర్యావరణానికి జరిగే మేలు ముందు బండిలో ఎలాగూ ఉండనే ఉంది.

ఒక్కటే తేలలేదు. బావ ఏ బండిలో కూర్చోవాలి? సెడాన్‌లో కూర్చుంటే వచ్చినట్టు ఎవరికీ తెలియదంటుంది అక్క. స్కార్పియోలో కూర్చుంటే సెడాన్ ఎవరిదని అడుగుతారంటాడు పెద్దమామ. మేనత్త మాత్రం తాను జనరేటరు పక్కనే కూర్చుంటానని ముందే చెప్పేసింది.