జమ్మి చేతిలో పెట్టి అడిగే లెక్కలు

దసరా సాయంత్రం పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లకు మొక్కి లేచేలోపే ప్రశ్న వచ్చేస్తుంది. "పెద్దోడు యాడుంటుండు? ఏం జేస్తుండు? జీతం ఎంతొస్తది?" పాలమూరు (మహబూబ్‌నగర్)లోనైనా, నల్లగొండలోనైనా దాదాపు ఇదే వరుస. చదువుకున్న పిల్లలు దీన్ని తిట్టుకుంటారు. మంది ఇళ్ల సంగతులు వీళ్లకెందుకని విసుక్కుంటారు. ఆ విసుగు నాకు సగమే అర్థమవుతుంది. ఎందుకంటే ఈ ప్రశ్న వంకర బుద్ధితో పుట్టింది కాదు. ఒకప్పుడు దీనితో పూట గడిచేది. ఇప్పుడు దాని పని మారిపోయింది. ఆ సంగతి అడిగేవాళ్లూ గమనించలేదు, చెప్పేవాళ్లూ గమనించలేదు.

పాలమూరు లేబర్ అనే మాట తెలియని పెద్ద కాంట్రాక్టర్ ఒకప్పుడు ఉండి ఉండడు. దేశంలో ఆనకట్టలు కట్టిన చోట, కాలువలు తవ్విన చోట ఇక్కడి మనుషుల చెమట ఉంది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, పండుగ దాటాక గుంపు కదిలేది. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి బొంబాయికి, పుణెకి పోయేవాళ్లు పోయేవాళ్లే. అలాంటి ఊళ్లలో పండుగకు వచ్చినవాళ్లు మోసుకొచ్చే కబుర్లే ఉపాధి సమాచారం. ఏ మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడు, ఏ సైటులో నీళ్లకు గోస, జబ్బు చేస్తే దవాఖానకు తీసుకుపోయింది ఎవరు, రాత్రికి రాత్రి గుంపును వదిలేసి పోయింది ఎవరు. "మీ తమ్ముడు యాడుంటుండు" అని అడిగినవాడికి ఆ జవాబుతో పని ఉండేది. వచ్చే నెల తానూ అక్కడికే పోవచ్చు, లేదా పోకుండా ఆగవచ్చు. గొప్పలు చెప్పినా దాగేది కాదు, అదే సైటులో పనిచేసిన ఇంకొకడు అదే అరుగు మీద కూర్చుని ఉండేవాడు కదా.

(పాలమూరు, నల్లగొండ అని పాత లెక్కలోనే రాస్తున్నాను. 2016లో దసరా రోజునే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, సూర్యాపేట, యాదాద్రి విడి జిల్లాలయ్యాయి, 2019లో నారాయణపేట కూడా. చుట్టరికాలు మాత్రం కొత్త సరిహద్దుల ప్రకారం విడిపోలేదు.)

తర్వాతి మార్పు చాలా వేగంగా జరిగింది. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55 శాతమే. అదే కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని కూలీల, చిన్న రైతుల పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరారు. సంతకం కోసం తంటాలు పడే తండ్రి ఇంట్లోనే క్లౌడ్ సపోర్ట్‌లో షిఫ్టులు చేసే కొడుకు. తండ్రి పని చూడాలంటే పొలం గట్టు దాకా పోతే చాలు. కొడుకు పని చూద్దామంటే కనబడదు. తల్లిదండ్రులు కంపెనీ పేరు, ఊరి పేరు, జీతం అంకె కంఠస్థం చేసి పండుగకు అప్పజెబుతారు. వినేవాడికి ఆ పని ఏమిటో తెలియదు, తెలిసినా అందులో తను చేరేది లేదు. అంటే ఆ కబురు వినేవాడికి అక్కరకొచ్చే రోజులు పోయాయి. అయినా ప్రశ్న ఎందుకు మిగిలింది?

పెళ్లిళ్ల కోసం. నాకు తోచిన జవాబు ఇదే. పాత కబురుతో పని దొరికేది, కొత్త కబురుతో సంబంధం దొరుకుతుంది. దసరాకు ఇరవై ముప్పై మంది చుట్టాలు ఒక చోట కూడితే అందులో ఈడొచ్చిన పిల్లలున్న ఇళ్లు కనీసం నాలుగుంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు సెలవులు దొరికేది డిసెంబర్ చివర్లో, క్రిస్మస్‌కి. మనకు ఆ నెల సగం నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాలు ఉండవు. చూపులకు సెలవు ఉంటుంది గానీ తాళి కట్టడానికి ఉండదు. కాబట్టి ఎవరిని చూడాలో దసరాకే తేల్చుకోవాలి, డిసెంబర్‌లో చూపులు, ఆ తర్వాత ఎప్పటికో పెళ్లి. ఈ లెక్కలో చూస్తే ఉద్యోగం, జీతం, ఊరు, వీసా అన్న వరుసలో తిక్క ఏమీ లేదు. అది పెళ్లిళ్ల పేరయ్య అడిగే వరుస. అలాంటి వాకబులో ఎవరూ లోపాలు చెప్పుకోరు. అందుకే పండుగ కబురు మెల్లగా అమ్మకానికి పెట్టే సరుకులా తయారైంది. ఉద్యోగం పోయింది, పరీక్ష పోయింది, కోడలికి కొడుక్కి పడటం లేదు లాంటివి నోటి దాకా వచ్చి ఆగిపోతాయి. పాత అరుగు మీద నష్టం కబురుకే విలువ ఎక్కువ. ఇప్పటి సోఫాల మీద ఆ కబురుకు కూర్చోను చోటు లేదు.

గ్రూప్-1 రాసిన పిల్లల సంగతి తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఏడు దసరా అక్టోబర్ 5న, ప్రిలిమ్స్ 16న. సరే, "ప్రిపేర్ అవుతున్నా" అంటే చుట్టాలు సంతోషించారు. పేపర్ లీకై 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఇంకో నెలకు దసరా. మళ్లీ అదే జవాబు. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ ఏడు దసరా అక్టోబర్ 12న అయితే మెయిన్స్ 21 నుంచి. మూడో దసరాకు కూడా జవాబు మారలేదు. 2025 సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి ఫలితాలను కొట్టేయడం, డివిజన్ బెంచ్ ఆ తీర్పు మీద స్టే ఇవ్వడం, బతుకమ్మ ఆడుతున్న రోజుల్లోనే 27న నియామక పత్రాలు పంచడం, అన్నీ ఒకే నెలలో. వచ్చినవాళ్ల ఇళ్లలో ఆ దసరా నిజంగా దసరా. రానివాళ్లు వేలల్లో ఉన్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి లైబ్రరీలో మూడేళ్లు గడిపి, వయసు ముప్పైకి చేరి, నాలుగు పండుగలకు ఒకే మాట చెప్పిన పిల్లలు వీళ్లు. చుట్టాల చెవికి ఆ మాట "ఖాళీగ ఉన్నడు" అని వినబడింది. పేపర్ లీక్ చేసింది ఆ పిల్లవాడు కాదు కదా. కానీ జీతం ఎంత అనే ప్రశ్నకు తప్పు ఎవరిదో చెప్పే వీలు ఉండదు, అంకె ఉంటే ఉంది, లేకుంటే లేదు. అందుకే చాలామంది పండుగకు రావడమే మానుకున్నారు. మెస్ మూసినా సరే, హాస్టల్ గదిలోనే ఉండిపోతారు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, పట్నం నుంచి బస్సెక్కితే మూడు గంటల్లోపో కాస్త అటూఇటుగానో చేరే ఊళ్లే అన్నీ. దూరం ఎక్కువై రాలేదని ఎవరూ అనలేరు.

అమెరికా వైపు ఇదే మౌనం ఇంకా ఖరీదైనది. 2025లో పెత్రమాస సెప్టెంబర్ 21న వచ్చింది, అంటే పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడే రోజు. సరిగ్గా ఆ పొద్దున, మన గడియారం ప్రకారం తొమ్మిదిన్నరకు, కొత్త హెచ్-1బీ (అక్కడి ఉద్యోగ వీసా) దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ట్రంప్ ఆదేశం అమల్లోకి వచ్చింది. అప్పటి రేటుకు దాదాపు 88 లక్షల రూపాయలు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని అక్కడి ప్రభుత్వం చెప్పింది గానీ, ఆ మాట టీవీల దాకా, టీవీల నుంచి తల్లుల దాకా వచ్చేసరికి చాలా ఇళ్లలో టెన్షన్ పడాల్సినంత పడ్డారు. ఆ తొమ్మిది రోజులూ ఎక్కడ కూర్చున్నా హెచ్-1బీ మాటే. విచిత్రమేమంటే, "మనోళ్లకేం కాలేదు" అని ప్రతి ఇల్లూ చెప్పింది. ఎవరికో ఒకరికి కాకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ గడువుల సంగతి తెలియాలి. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, వేరే దారో చూసుకోవాలి. చదువు అయ్యాక ఓపీటీ, అంటే కొంతకాలం పని చేసుకునే అనుమతి మీద ఉన్నవాళ్లు మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. దసరా నుంచి సంక్రాంతి దాకా కబురు దాచిపెడితే ఆ గడువు దాటిపోతుంది. చెబితే ఏమయ్యేది? నాకు తెలిసిన ఒక కుటుంబంలో పిల్లవాడికి ఉద్యోగం లేదన్న సంగతి తండ్రి అయిదు నెలలు దాచాడు. తోడల్లుడి కొడుకు అదే రాష్ట్రంలో, రెండు గంటల దూరంలో, అదే రకం పనిలో ఉన్నాడు. ఒక రెఫరల్ అడిగితే సరిపోయేదేమో. అడగలేదు, ఎందుకంటే ఆ తోడల్లుడి ముందే పోయిన దసరాకు జీతం అంకె గట్టిగా చెప్పి ఉన్నాడు. పాలమూరు కూలీ మాత్రం తన బావమరిదిని ఈ సాయం అడగడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు.

అప్పు లెక్క కూడా ఇందులోనే ఉంది. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు, టౌన్‌లో ప్లాటో ఇల్లో చూపించమంటాయి. అవి లేని రైతు పొలంలో ముక్క అమ్ముతాడు, లేదా బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. వడ్డీకి ఇచ్చేది కూడా చాలాసార్లు ఆ పండుగకు వచ్చిన చుట్టమే. అతను జీతం అడిగాడంటే అది ఒట్టి ఆరా కాదు, తన డబ్బు భద్రంగా ఉందా అని చూసుకోవడం. ఇంతమంది ఇన్ని అవసరాలతో అడిగే ప్రశ్నకు నిజం చెప్పమని ఒక తండ్రిని కోరడం నాకు కూడా కష్టమే.

మరి పుణెలో సెంట్రింగ్ పని చేసే కొడుకు సంగతి? అతన్ని ఎవరూ ఏమీ అడగరు. జమ్మి తీసుకుంటారు, "మంచిగున్నవా" అంటారు, పక్కకు తిరుగుతారు. అడిగించుకునే బాధ ఒకటైతే అడగకపోవడం ఇంకోటి. అతని దగ్గరే నిజానికి చెప్పుకోవాల్సిన కబుర్లు ఉంటాయి, ఏ బిల్డర్ డబ్బులు ఆపాడో, పిల్లల బడి ఎక్కడ ఆగిపోయిందో. అవి వినేవాళ్లు ఇప్పుడు వేరే ఇంటి వాకిట్లో, ఇంకా వలస పోతున్న ఇళ్ల మధ్య కూర్చుంటారు. ఒకే ఇంటిపేరు వాళ్లు కూడా పండుగ పూట రెండు చోట్ల కూడుతున్నారు.

ఇంత చెప్పాక, ఈ చుట్టరికాల్లో నిజం కబురు అసలు తిరగడం లేదని అనుకుంటే పొరపాటు. తిరుగుతోంది, ఆడవాళ్ల మధ్య. మగవాళ్ల దసరాకు ముందే ఆడబిడ్డలు బతుకమ్మకు తల్లిగారింటికి వస్తారు. తంగేడు, గునుగు తెచ్చుకుంటూ, సత్తుపిండి చేసుకుంటూ, సద్దుల నాడు చెరువు కట్ట మీద చీకటి పడేదాకా మాట్లాడుకుంటారు. అక్కడ జీతం అంకె చివర్లో వస్తుంది. ముందు వచ్చేవి వేరే. పిల్ల ఫోన్‌లో ఏడ్చిందని, అల్లుడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, కొడుకు వీడియో కాల్ మానేసి ఉత్త మెసేజ్‌లు పెడుతున్నాడని. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆ పథకం మీద బస్సులు కిక్కిరిసిపోతున్నాయని, ఆర్టీసీకి భారమని ఎన్నో వాదనలు విన్నాం. చుట్టరికాల మీద దాని ప్రభావం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఇదివరకు చార్జీలకు వెనకాడి ఏడాదికి ఒకసారి వచ్చే మేనత్త ఇప్పుడు మధ్యలో కూడా వచ్చిపోతోంది, పట్నంలో కొడుకు గది చూసి వస్తోంది. కబురు పాతబడకముందే చేరుతోంది.

చేరుతున్న కబురును వాడుకునే తెలివే ఇంట్లో లేదు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చి మాంసం, మందు దుకాణాలు మూతపడితే, అందరూ ముందు రోజే అన్నీ ఇంటికి చేర్చుకున్నారు. మగవాళ్ల దసరాకు అంత ముందుచూపు ఉంటుంది. అదే కూడికలో, యాట కూర ఉడుకుతుండగా, పెద్దోడికి ఇంకో అయిదు లక్షలు పంపాలా, మిగిలిన ఎకరం అమ్మాలా, పిల్లవాణ్ని వెనక్కి రమ్మనాలా అనేది తేలుస్తారు. తేల్చేవాళ్లకు తెలిసింది పండుగకు అప్పజెప్పిన అంకె ఒక్కటే. మేనత్త పక్క గదిలో గారెలు చేస్తూ ఉంటుంది. ఒక్క మాట అడిగితే, వాడికి జూలై నుంచి ఉద్యోగం లేదని, వాడే ఆమెకు ఫోన్ చేసి చెప్పాడని చెబుతుంది.