ఎవరికీ తెలియని దీవికి ఒక సన్నాహక సంఘం

"ఇంకా ఎవరికీ తెలియని సర్ఫింగ్ దీవులు" అనే జాబితా ఈ నెలలో నాకు అందడం ఇది ఏడవసారి. పంపిన మిత్రులు ఏడుగురు, జాబితా మాత్రం ఒక్కటే: బోర్డు మీద నిలబడి సముద్రపు అలల మీద జారే ఆ ఆటకు అనువైన దీవుల పేర్లు. ప్రతి ఒక్కరూ దాని కింద "ఇది మన మధ్యనే ఉండనీ" అని రాశారు. ఏడుగురూ విడివిడిగా నాకు అప్పగించిన ఈ ఒక్క రహస్యాన్ని కాపాడే బాధ్యత నా నెత్తిన పడింది కనుక, కొన్ని సంగతులు బహిరంగంగా మనవి చేయక తప్పడం లేదు.

జాబితాలో మూడవ పేరు నియాస్. ఇండోనేషియాలోని సుమత్రాకు పడమట, సుమారు 125 కిలోమీటర్ల దూరాన హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి అది. ఏడు లక్షలకు పైగా జనం అక్కడ కాపురం ఉంటున్నారు. సుమారు రెండు మీటర్ల ఎత్తున్న రాతి కట్టడాన్ని పరుగెత్తుకుంటూ వచ్చి ఒక్క గెంతులో దాటడం అక్కడి యువకుల పాత విద్య. ఆ గెంతును ఇండోనేషియా ప్రభుత్వం 1992లో వెయ్యి రుపియాల నోటు మీద అచ్చు వేయించింది. అంటే కోట్లాది మంది జేబుల్లో ఏళ్ల తరబడి మడతలు పడి, తడిసి, నలిగి, చేతులు మారిన దీవి ఇది. ప్రపంచ సర్ఫ్ లీగ్ వారు అక్కడికి న్యాయనిర్ణేతలను తీసుకుపోయి అర్హత పోటీలు కూడా జరిపించారు. అయినా దీని సంగతి ఎవరికీ తెలియదట.

"ఎవరికీ" అన్నది సర్వనామమని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. సర్వులకూ వర్తించేది కనుక సర్వనామం. యాత్రా రచయితలు ఈ వ్యాకరణాన్ని సంస్కరించారు. వారి భాషలో "ఎవరు" అంటే సర్ఫ్ బోర్డు చంకన పెట్టుకుని విమానం దిగేవాడు. ఆ దీవిలో పుట్టినవాడు, అక్కడ వల వేసేవాడు, ఆ అల చప్పుడు వింటూ నిద్రపోయి అదే చప్పుడుకు లేచేవాడు ఈ పదం పరిధిలోకి రారు. వారు ప్రకృతి దృశ్యంలో భాగం. ఛాయాచిత్రంలో కొబ్బరిచెట్టుకు కొంచెం ఎడమగా కనబడతారు.

ఇంత కటువుగా మాట్లాడే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటాను. ఎందుకంటే నియాస్ యాత్రకోసం ఎనిమిది నెలలుగా శ్రమిస్తున్న ఒక సన్నాహక సంఘానికి నేను కార్యదర్శిని. నాతో కలిపి అయిదుగురం. ఒకరు అధ్యక్షులు. ఒకరు వాతావరణ వ్యవహారాలు చూస్తారు. ఒకరిది కోశాగారం, ఒకరిది సామగ్రి. ఎక్కడో ఒక ఇసుక తీరంలో మూడు రోజుల ప్రాథమిక శిక్షణ పొందినవారమే అందరం. ఆ మూడు రోజుల్లో మా అయిదుగురం బోర్డుల మీద నిలబడిన కాలమంతా కూడితే నిమిషం నిండదు. అయితే ఆ నిమిషంలోపు కాలంలో మాకు కలిగిన అభిప్రాయాలు మాత్రం అపారమైనవి. తెలిసిన తీరాలన్నీ జనంతో పాడైపోయాయనీ, నిజమైన సర్ఫర్‌కు ఏకాంతం ముఖ్యమనీ మేము ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం.

మొదటి సమావేశంలో చర్చకు వచ్చింది గోప్యత ఒక్కటే. దీవి పేరు బయటకు పొక్కితే జనం ఎగబడతారనీ, కనుక సంభాషణల్లో ఆ పేరు ఎవరూ ఎత్తరాదనీ, బదులుగా ఒక మారుపేరు వాడాలనీ అధ్యక్షులు ప్రతిపాదించారు. గంటన్నర తర్జనభర్జనల తరువాత "అమ్మమ్మగారిల్లు" అన్న మారుపేరు ఖాయమైంది. ఎవరు విన్నా అనుమానించరన్నది దాని యోగ్యత. ఆ రోజు నుంచి మా బృందంలో ఇటువంటి సందేశాలు రావడం మొదలైంది: "అమ్మమ్మగారింట్లో బుధవారానికి పద్నాలుగు సెకన్ల వ్యవధితో స్వెల్ (దూరం నుంచి నడిచి వచ్చే అలల వరుస) వస్తోంది." "అమ్మమ్మగారింటి దగ్గర నీటి అడుగు చాలా పదునుగా ఉంటుందట, కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి." "అమ్మమ్మగారింట్లో తెల్లవారుజామున గాలి నేల మీదినుంచి వీస్తుంది, పది దాటాక పనికిరాదు." కోశాధికారి శ్రీమతి ఒకనాడు పొరపాటున ఈ సందేశాలు చదివి, అమ్మమ్మగారింటికి పోవడానికి మలేరియా మాత్రలెందుకని నిలదీశారు. దానికి కోశాధికారి తడుముకోకుండా, అమ్మమ్మగారిల్లు మారిందని చెప్పారట. ఆమె వెంటనే ఆ అమ్మమ్మగారికే ఫోన్ చేశారు. తొంభైకి దగ్గరపడిన ఆ పెద్దావిడ, తాను ఇల్లు మారిన సంగతి తనకెవరూ చెప్పలేదని రెండు రోజులు అన్నం మానేశారు. ఆవిడను ఊరడించడానికి కోశాధికారి దీవి పేరు చెప్పక తప్పలేదు. ఆవిడ తన అక్కచెల్లెళ్లకు చెప్పారు. ఆ విధంగా, సర్ఫింగ్ చరిత్రలో ఎక్కడా లేని రీతిలో, నియాస్ దీవి రహస్యం ఎనభై దాటిన నలుగురు స్త్రీల మధ్య భద్రంగా ఉంది. అధ్యక్షులు మాత్రం అదే వారం ఆ అల ఛాయాచిత్రాన్ని తన ఖాతాలో పెట్టి, కింద "పేరు అడగకండి" అని రాశారు. మొదటి గంటలో పదకొండుమంది అడిగారు. పదకొండుమందికీ ఆయన చెవిలో చెప్పారు.

వాతావరణ వ్యవహారాల సభ్యుని పట్ల నాకు నిజమైన గౌరవం ఉందని ఇక్కడ చెప్పుకోవాలి. దక్షిణ హిందూ మహాసముద్రంలో, నలభయ్యవ అక్షాంశానికి దిగువన చెలరేగే తుపానులు పుట్టించిన అలలు వేల కిలోమీటర్లు నడిచి వస్తాయనీ, దారిలో చిల్లర అలలు రాలిపోయి పెద్దవి వరుసలు కడతాయనీ, ఒక శిఖరానికీ మరొక శిఖరానికీ మధ్య వ్యవధి ఎంత ఎక్కువైతే ఆ అలలో అంత బలం ఉన్నట్టనీ, మే నుంచి సెప్టెంబరు దాకా నియాస్ దక్షిణ తీరంలోని లగుంద్రి అఖాతానికి ఇవి బాగా అందుతాయనీ ఆయన మాకు పటాలు వేసి బోధించారు. అక్కడ పగడపు దిబ్బలో తాళపుచెవి రంధ్రం వంటి సందు ఒకటి ఉందనీ, అందులోంచి బోర్డు తోసుకుంటూ పోతే జుట్టయినా తడవకుండా అల విరిగే చోటికి చేరవచ్చనీ కూడా చెప్పారు. జుట్టు తడవదన్న మాట దగ్గర సంఘమంతా ఎందుకో మిక్కిలి ఊరట చెందింది. ఆ ఊరటకు కారణం అప్పట్లో నాకు తట్టలేదు.

సామగ్రి విభాగం గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. అయిదుగురికి పదకొండు బోర్డులు. సుమత్రాలోని మెదాన్ నగరం నుంచి నియాస్ ముఖ్యపట్టణమైన గునుంగ్‌సితోలికి ఎగిరేవి చిన్న టర్బోప్రాప్ విమానాలు. వాటి సామాన్ల అరలో బోర్డు పడుతుందా పడదా అన్నది బోర్డు పొడవు మీద ఎంత ఆధారపడుతుందో, ఆ ఉదయం కౌంటరు దగ్గర కూర్చున్న ఉద్యోగి దయ మీదా అంతే ఆధారపడుతుంది.

మా సంఘ సభ్యులందరూ తమను పూర్వపు అన్వేషకుల వారసులుగా భావిస్తారు. 1975లో కెవిన్ లవెట్, జాన్ గీసెల్ అనే ఆస్ట్రేలియా యువకులు లగుంద్రి ఒడ్డున మకాం వేసి ఆ అల మీద సర్ఫింగ్ చేశారు. దాన్ని వారు "కనుగొన్నారు" అని అన్ని వ్యాసాలూ రాస్తాయి. ఒడ్డునే ఉన్న గ్రామం మరి ఏమి చూస్తూ కూర్చున్నదో ఏ వ్యాసమూ చెప్పదు. అయితే ఆ యువకులు మూల్యం చెల్లించారు. వారికి మలేరియా తగిలింది. గీసెల్ ఏడాది తిరక్కుండానే కన్నుమూశాడు. రహస్యం విషయంలో నేను టోపీ తీసేది మరొకరికి. 1973 డిసెంబరులో మాల్దీవుల్లో దిబ్బకు తగిలి పడవ పగిలితే ఒడ్డుకు చేరిన టోనీ హైండ్ అక్కడి అలలను చూశాడు. అక్కడే పెళ్లాడి, మతం మారి, స్థిరపడి, సుమారు పదిహేనేళ్ల దాకా ఆ సంగతి లోకానికి చెప్పలేదు. 2008లో ఆ అలల దగ్గరే చనిపోయాడు. పదిహేనేళ్లు! మా అధ్యక్షులు పదిహేను నిమిషాలు ఆగలేకపోయారు.

అన్వేషకులు చేసే రెండవ పని పేరు పెట్టడం. ఫిలిప్పీన్స్‌లోని సియార్గావ్ దీవిలో జగత్ప్రసిద్ధమైన అల పేరు క్లౌడ్ నైన్. అది ఆ దేశపు దుకాణాల్లో అమ్మే ఒక చాక్లెట్ పేరు. అన్వేషకుని సంచిలో ఆ రోజు ఏది ఉంటే సముద్రానికి అదే పేరు. బిస్కట్ పొట్లం ఉన్నట్లయితే ఏమయ్యేదో ఆలోచించండి. ఇక ఈ క్రీడే దీవులవారిది. యూరపు ఓడలు 1769లో తాహితీకి, 1779లో హవాయికి వెళ్లినప్పుడు ఓడలోని పెద్దమనుషులు గట్టున నిలబడి, అలల మీద జారుతున్న అక్కడివారిని నోరు తెరుచుకుని చూసి, దినచర్యల్లో రాసుకున్నారు. పడమటి ఆఫ్రికా తీరానికి అవతల ఉన్న సావో టోమే దీవికి బోర్డులు మోసుకుని వెళ్లిన సర్ఫర్లకు, చెక్కముక్కల మీద బోర్లా పడుకుని అలలెక్కుతున్న పిల్లలు ఎదురయ్యారు. బోర్డుల కంపెనీ లేదు, బోర్డు అడుగున బిగించే ఫిన్లనే రెక్కలు లేవు, మైనపు పూత లేదు. పాత చెక్క, అల, కేక. దానినీ "కనుగొన్నారు".

ఇంతవరకూ నేను సంఘం కార్యదర్శిగా సంయమనం పాటించాను. కిందటి నెల నాలుగవ ఆదివారం వాతావరణ సభ్యుడు "శుభవార్త" అన్న శీర్షికతో ఒక సందేశం పంపారు. 2005 భూకంపంలో నియాస్ దిబ్బ పైకి లేచిందనీ, దానివల్ల లగుంద్రి అల మునుపటికన్నా నిటారుగా, లోపల గొట్టంలా బోలుగా, అద్భుతంగా తయారయిందనీ, "ప్రకృతి చేసిన మేలు" అనీ దాని సారాంశం. కింద నాలుగు బొటనవేళ్లు లేచాయి.

ఆ సందేశంలో అబద్ధం లేదు. అల నిజంగానే మారింది. 2005 మార్చి 28 రాత్రి పదకొండు దాటాక, జనం నిద్రలో ఉండగా, 8.6 తీవ్రతతో నేల కదిలింది. 2004 డిసెంబరు సునామీ గడిచి అప్పటికి మూడు నెలలే. గునుంగ్‌సితోలి పట్టణంలో ఇళ్లు పేకమేడల్లా కూలాయి. దాదాపు వెయ్యిమంది చనిపోయారు. దీవి పడమటి తీరం కొన్నిచోట్ల మూడు మీటర్ల దాకా సముద్రంలోంచి పైకి లేచింది. నీటిలో ఉండవలసిన పగడాలు గట్టున పడి, ఎండకు తెల్లబడి చచ్చాయి. ఇదీ ప్రకృతి చేసిన మేలు! ఎవరికి మేలు? ఇటుకల కింద పిల్లను వెతుక్కున్న తల్లికి చెప్పండి, అల బోలుగా తయారయిందని. ఏటా ఈ వాక్యాన్ని ఒక జాబితా నుంచి ఇంకొక జాబితాలోకి ఎత్తి రాసే చేతులకు వెయ్యి శవాలు పట్టవు. దిబ్బ ఎత్తు పట్టింది, అల వంపు పట్టింది, పది రోజుల సెలవు పట్టింది. ఒక ఊరు కూలిన తేదీని అల మెరుగుపడిన తేదీగా గుర్తుపెట్టుకునేవాణ్ణి యాత్రికుడనడానికి నాకు నోరు రావడం లేదు. ఎవరికీ తెలియని దీవి అనడంలో ఉన్న సదుపాయమే ఇది: అక్కడ ఎవరూ లేరు కనుక, ఎవరూ చనిపోలేదు.

ఈ మాటలే నేను బృందంలో రాశాను. అరగంట నిశ్శబ్దం తరువాత అధ్యక్షులు, కార్యదర్శి భావోద్వేగాలను సంఘం గౌరవిస్తున్నదనీ, అజెండాలో తదుపరి అంశం వసతి అనీ తెలియజేశారు.

వసతి కోసం లగుంద్రి ఒడ్డున నాలుగు గదులు అద్దెకిచ్చే ఒక గృహస్థుకు అప్పటికే ఉత్తరం రాశాం. మేము అక్కడికి వచ్చే సంగతి గోప్యంగా ఉంచవలసిందిగా అందులో ప్రత్యేకంగా కోరాం. ఆయన జవాబు మర్యాదగా, పొట్టిగా ఉంది. తప్పకుండా గోప్యంగా ఉంచుతామనీ, అదే వారం గోప్యంగా ఉంచమని కోరిన బృందాలు ఇంకా మూడు ఉన్నాయనీ, అందరికీ ఒకే బల్ల మీద భోజనం పెట్టవలసి వస్తుంది కనుక ఏమీ అనుకోవద్దనీ రాశారు.

ఆ జవాబుతో పాటు ఆయన మా వివరాలు నింపి పంపమని ఒక కాగితం జతచేశారు. పేర్లు, వచ్చే తేదీ, తిరిగి వెళ్లే తేదీ, బోర్డుల సంఖ్య, పడని ఆహారం. ఇవన్నీ మా సభ్యులు పది నిమిషాల్లో నింపేశారు. పడని ఆహారం గడిలోనే కోశాధికారి ఏడు పంక్తులు రాశారు. చివరి గడిలో ఆయన అడిగింది ఒక్కటే: "మీలో ఈత వచ్చినవారు ఎందరు?"

ఆ కాగితం కిందటి మంగళవారం నుంచి మా బృందంలో ఉంది. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు.