మొదటి తూటా నాడే రెండు గొట్టాలూ నింపుతారా?

నిన్న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా దగ్గర ఒక షూటింగ్ రేంజ్‌లో చూసినదానికి నా కోపం ఇంకా చల్లారలేదు. గొట్టానికొక ట్రిగ్గర్ ఉండే జోడు గొట్టాల రైఫిల్‌ను జన్మలో మొదటిసారి పట్టిన ఒక కుర్రవాడికి పెద్ద జంతువుల వేటకు వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తుపాకీ అందించి, రెండు గొట్టాలలోనూ తూటాలు నింపి, "ముందున్న ట్రిగ్గర్ నొక్కు" అని మాత్రం చెప్పి శిక్షకుడు పక్కకు తప్పుకున్నాడు. కుర్రవాడు నొక్కగానే రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. అతను తూలి వెనక్కి పడ్డాడు, భుజం చూస్తుండగానే కమిలిపోయింది. శిక్షకుడు మాత్రం తుపాకీ లాక్ (తూటాను పేల్చే యంత్రాంగం) పాడైందని తేల్చేశాడు.

లాక్ అరిగితే అలా జరుగుతుంది, కాదనను. కానీ ఆ కుర్రవాడి కుడిచేతిని నేను చూస్తూనే ఉన్నాను. పిడి మీద పట్టు వదులుగా ఉంది, ముందు ట్రిగ్గర్ దాటిన చూపుడువేలు ఇంకా వెనక్కి లాగుతూనే ఉంది. సుమారు 32 గ్రాముల గుండును సెకనుకు 650 మీటర్ల వేగంతో విసిరే తుపాకీ తన్నినప్పుడు, ఆ వేలు వెళ్లి వెనుక ట్రిగ్గర్ మీద పడక ఎక్కడ పడుతుంది?

అందుకే చెయ్యి తిరిగినవారిలో చాలామంది వెనుక ట్రిగ్గర్‌ను, అంటే ఎడమ గొట్టాన్ని, ముందుగా పేలుస్తారు. అప్పుడు వేలికి వెనుక, ట్రిగ్గర్ల చుట్టూ ఉండే కవచం తప్ప మరో ట్రిగ్గర్ ఉండదు. ముందు ట్రిగ్గర్ వీపు వేలి కణుపుకు తగులుతుందన్న మాట నిజమే. ఆ దెబ్బ తగలకుండా మంచి తయారీదారులు దానికి చిన్న మడతబందు పెట్టి ముందుకు వాలేలా చేస్తారు. ఈ సంగతి ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి ప్రమాదాలను చూపించి రెండు ట్రిగ్గర్ల కాలం చెల్లిందనేవారి మీద నాకు ఎప్పటినుంచో కోపం. రెండు ట్రిగ్గర్లంటే రెండు వేర్వేరు లాకులు. అడవిదున్న ఇరవై అడుగుల దూరంలో మీదికి వస్తున్నప్పుడు ఒకటి మొరాయిస్తే, రెండవది మాట వింటుంది. ఆ భరోసాను వదులుకొమ్మని చెప్పేవారు, వేలిని సరిగ్గా ఉంచడం నేర్పడానికి మాత్రం పది నిమిషాలు కేటాయించరు.

కుర్రవాడు ఇక రైఫిల్ ముట్టనన్నాడు. వచ్చే శనివారం నేనే తీసుకువెళతానని చెప్పాను. కుడి గొట్టం ఖాళీగా ఉంచి, ఎడమ గొట్టంలో ఒకే తూటా వేసి, వెనుక ట్రిగ్గర్‌తో మొదలుపెడతాము.